డాష్‌క్యామ్ పెట్టించాక బండి స్టార్ట్ కావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా చూసుకోండి

రాత్రి రెండు గంటలు. దమ్మామ్ వెళ్లాల్సిన అబ్బాయి సామాను డిక్కీలో సర్దేశారు. అమ్మీ దువా చేసి పంపడానికి గుమ్మంలో నిలబడ్డది. తాళం తిప్పి సెల్ఫ్ కొడితే ఇంజన్ మాత్రం లేవదు, టిక్ టిక్ అని చప్పుడు ఒక్కటే. బోయినపల్లి నుంచి సిద్దిపేట మీదుగా శంషాబాద్ అంటే నాలుగైదు గంటల దారి. ఆ వేళలో మిస్త్రీ దొరకడు, మరో బండి మాట్లాడుకునే టైమూ ఉండదు. ఒక్క విమానం తప్పితే టికెట్ డబ్బులే కాదు, కొన్నిసార్లు వీసా గడువు కూడా చేయి జారిపోతుంది.

బోయినపల్లి, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని వీధి తక్కువ. సెలవుకు వచ్చేవాళ్లు తెచ్చే సామాన్లలో ఇప్పుడు డాష్‌క్యామ్ కూడా కనిపిస్తోంది. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్లు మనవి. వేములవాడ జాతర రోజుల్లో రద్దీ సంగతి చెప్పనక్కర్లేదు. తప్పు ఎవరిదో చూపించే కెమెరా బండిలో ఉండటం మంచిదే. కానీ వైరింగ్ సరిగా చేయించకపోతే ఆ కెమెరానే బ్యాటరీని తినేస్తుంది.

బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

లెక్క చాలా సులువు. చిన్న పెట్రోల్ కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. బండి ఆపి తాళం వేసినా గడియారం, అలారం లాంటివి కొద్దిగా కరెంట్ తీసుకుంటూనే ఉంటాయి. అది 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే. డాష్‌క్యామ్ మాత్రం రికార్డ్ చేస్తూ ఉంటే దాదాపు 300 మిల్లీఆంపియర్లు లాగుతుంది. అంటే రోజుకు 7 ఆంపియర్ అవర్‌లకు పైన. బండి మూడు రోజులు కదలకుండా ఉంటే 21 దాటుతుంది. కొత్త బ్యాటరీ అయినా సగానికి పైగా ఖాళీ అయినట్టే. రెండు మూడేళ్ల పాత బ్యాటరీ అయితే రెండు రోజులకే చేతులెత్తేస్తుంది.

బండి ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డ్ చేసే 'పార్కింగ్ మోడ్' వల్లనే ఎక్కువగా ఈ తిప్పలు. రోజూ బండి తీసేవాళ్లకు దీంతో పెద్ద ఇబ్బంది ఉండదు. వారానికి ఒకసారి జుమాకో, నికాహ్‌కో తీసే ఇళ్లలోనే తిప్పలు మొదలవుతాయి.

మొదట తేల్చుకోవాల్సింది: తప్పు కెమెరాదా, బ్యాటరీదా?

కెమెరా పెట్టించాకే సమస్య వచ్చింది కాబట్టి తప్పు దానిదే అనుకోవడం సహజం. కానీ బ్యాటరీ అప్పటికే ముసలిదై ఉండొచ్చు. కెమెరా పిన్ను పూర్తిగా తీసేసి, బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి, రెండు రాత్రులు బండిని అలాగే ఉంచండి. మూడో రోజు చక్కగా స్టార్ట్ అయితే దోషం కెమెరా వైరింగ్‌లో ఉంది. అప్పుడు కూడా మొరాయిస్తే బ్యాటరీనో, చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో చూపించాలి.

చిన్న మల్టీమీటర్ ఇంట్లో ఉంటే ఇంకా తేలిక. దాన్ని 20 డీసీ వోల్ట్ దగ్గర పెట్టి, ఎర్ర తీగను బ్యాటరీ ప్లస్‌కు, నల్ల తీగను మైనస్‌కు ఆనించండి. పొద్దున బండి తీయకముందు 12.6 దగ్గర చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12కు దిగువన ఉంటే వెంటనే చార్జ్ చేయాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త బండ్లలో ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఇంజన్ నడుస్తున్నా 12.5 దాటకపోతే కెమెరాను తిట్టుకోకండి, ఆల్టర్నేటర్‌ను చూపించండి.

మూడు వైర్లు, మూడు పనులు

పార్కింగ్ మోడ్ కోసం ఇచ్చే వైరింగ్ కిట్‌లో మామూలుగా మూడు తీగలు ఉంటాయి. పసుపు తీగ ఎప్పుడూ కరెంట్ ఉండే ఫ్యూజ్‌కు వెళ్లాలి. ఎర్ర తీగ తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే ఫ్యూజ్‌కు వెళ్లాలి. నల్లది ఎర్త్, అంటే బండి ఇనుప బాడీకి బిగించాలి. రంగులు కంపెనీని బట్టి మారొచ్చు కాబట్టి కిట్‌తో వచ్చిన కాగితం చూసుకోవాలి.

బండి ఆగిందా, నడుస్తోందా అన్నది కెమెరాకు ఎర్ర తీగ ద్వారానే తెలుస్తుంది. ఎర్ర తీగను కూడా ఎప్పుడూ కరెంట్ ఉండే ఫ్యూజ్‌కే కలిపేస్తే, బండి ఇంకా నడుస్తోందనే అనుకుని కెమెరా రాత్రంతా పూర్తి స్థాయిలో రికార్డ్ చేస్తుంది. ఎక్కువసార్లు జరిగే పొరపాటు ఇదే. పసుపు, ఎర్ర తీగలు తారుమారైతే తాళం తీయగానే కెమెరా ఆరిపోతుంది, పార్కింగ్ మోడ్ అసలు పనిచేయదు.

ఏ లక్షణానికి ఏ కారణం?

కెమెరా అసలు వెలగట్లేదు: ముందు ఫ్యూజ్ చూడండి. తర్వాత నల్ల తీగ ఎక్కడ బిగించారో చూడండి. పెయింట్ ఉన్న చోట, ప్లాస్టిక్ మీద బిగిస్తే ఎర్త్ అందదు. పెయింట్ లేని బోల్టుకు గట్టిగా బిగించాలి.

నడుస్తుండగా ఆగి మళ్లీ మొదలవుతోంది: గుంతల్లో పడ్డప్పుడే ఇలా అవుతుంటే పిన్ను లూజుగా ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారి ఆగి వెలిగితే కంగారు అక్కర్లేదు, ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోవడం మామూలే. వైర్ అంతా బాగున్నా మధ్యలో ఆగుతుంటే మెమరీ కార్డు పాడై ఉండొచ్చు. డాష్‌క్యామ్‌లకు ఎక్కువ కాలం రాసి చెరిపేలా తయారైన కార్డులు వేరే ఉంటాయి, అవే వాడాలి.

ఎఫ్ఎం రేడియోలో గరగర, రిమోట్ తాళం దగ్గరికొస్తేనే పనిచేయడం: కెమెరా పిన్ను తీసి చూడండి. గరగర పోతే కారణం దాని చార్జరే. నాసిరకం అడాప్టర్లు ఇలా అడ్డు తగులుతాయి. మంచి అడాప్టర్ మార్చి, కెమెరా వైర్‌ను యాంటెన్నా వైర్‌కు దూరంగా తిప్పితే చాలావరకు తగ్గుతుంది.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతోంది: వైర్ ఎక్కడో నలిగి బాడీకి తగులుతోంది. చాలాసార్లు తలుపు పక్కన రబ్బరు కింద గానీ, ఫ్యూజ్ డబ్బా మూత కింద గానీ నలుగుతుంది. ఫ్యూజ్ పోతోందని పెద్దది వేయడం, రాగి తీగ చుట్టడం అస్సలు చేయొద్దు. ఫ్యూజ్ కాలాల్సిన చోట వైర్ కాలి బండికే నిప్పంటుకుంటుంది. డాష్‌క్యామ్‌కు 2 లేదా 3 ఆంపియర్ ఫ్యూజ్ చాలు.

తేదీ, టైమ్ మాటిమాటికీ వెనక్కి పోతున్నాయి: కెమెరా లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. దీన్ని చిన్న విషయం అనుకోకండి. రేపు యాక్సిడెంట్ కేసులో వీడియో చూపిస్తే తేదీ తప్పు ఉందని అవతలి వకీల్ పట్టుకుంటాడు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కూడా జతచేయాలి. అందుకే టైమ్ సరిగా ఉంచుకోవాలి, అసలు కార్డును భద్రంగా దాచాలి.

మే నెల ఎండకు మూసిన బండి లోపల కొలిమిలా ఉంటుంది. లిథియం బ్యాటరీ ఉన్న కెమెరాలు ఆ వేడికి ఉబ్బుతాయి. కొనేటప్పుడే సూపర్ కెపాసిటర్ ఉన్నది అడగండి. కెమెరా ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే తీసి ఇంటి బయట పెట్టేయండి.

ముట్టుకోకూడనివి

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంప్ ఫ్యూజుల నుంచి కరెంట్ తీయొద్దు. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో కెమెరా వైర్ దాని ముందు నుంచి పోకూడదు. బ్యాగ్ తెరుచుకునేటప్పుడు అడ్డుపడుతుంది. వెనక నుంచి తిప్పి కట్టాలి. ఈ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. వైరింగ్ తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతూ ఉంటే బండి నడపకుండా చూపించడం మంచిది. బండి అసలు వైర్లను కోసి అతికించే మిస్త్రీని అక్కడే ఆపండి. ఫ్యూజ్ డబ్బాలో గుచ్చే ఫ్యూజ్ ట్యాప్ తక్కువ ధరకే దొరుకుతుంది. వైర్లు కోస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

మరి పార్కింగ్ మోడ్ పెట్టుకోవాలా?

ఇంటి గేటు లోపల పెట్టే బండికి అది అవసరం లేదు, ఆపేయండి. వీధిలో పెట్టక తప్పదంటే కిట్‌లో కట్ ఆఫ్ వోల్టేజ్ ఎంతుందో చూడండి. చాలా కిట్లలో 11.6 నుంచి 12.4 వరకు మార్చుకునే వీలుంటుంది. 11.6 దగ్గర ఉంటే కెమెరా ఆగేసరికే బ్యాటరీ దాదాపు ఖాళీ. 12.2 గానీ 12.4 గానీ పెట్టుకుంటే కెమెరా తొందరగా ఆగినా పొద్దున బండి లేస్తుంది. ఇంత తలనొప్పి వద్దనుకుంటే 12 వోల్ట్ సాకెట్‌లో గుచ్చే మామూలు చార్జరే మేలు. కొన్ని బండ్లలో తాళం తీసినా సాకెట్‌కు కరెంట్ వస్తూనే ఉంటుంది, దిగేటప్పుడు పిన్ను తీసేయాలి.

బండి ఆగిపోయిన రాత్రి

పక్కింటి బండి నుంచి జంపర్ కేబుల్‌తో లేపొచ్చు. ఎర్ర కేబుల్ ఒక కొస ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం ఆగిన బండి ఇంజన్ ఇనుప భాగానికి, బ్యాటరీకి కొంచెం దూరంగా. మంచి బండిని కొన్ని నిమిషాలు నడవనిచ్చి, తర్వాత మీ బండి సెల్ఫ్ కొట్టండి. లేచాక కేబుళ్లను పెట్టిన వరుసకు తిరుగుగా తీయాలి. ప్లస్, మైనస్ తారుమారైతే రెండు బండ్ల ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి, కాబట్టి టార్చ్ వేసి గుర్తులు చూశాకే పెట్టండి.

ఎయిర్‌పోర్ట్ ప్రయాణం ఉందని తెలిస్తే రెండు రోజుల ముందే కెమెరా పిన్ను తీసేయండి. ముందు రోజు బండిని అరగంట రోడ్డు మీద తిప్పి, ఇషా తర్వాత ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడండి. అప్పుడు మొరాయించినా వేరే బండి చూసుకునే టైమ్ ఉంటుంది. కెమెరా పిన్ను పొద్దున బయల్దేరాక, ఇంజన్ నడుస్తుండగా గుచ్చుకోవచ్చు.