చిత్రంలోని చేయి: మెకంజీ రూపచిత్రం – కడప కైఫీయతులు

1. ఉపోద్ఘాతం:

రూపచిత్రంలో ముఖం వ్యక్తిని గుర్తుపట్టిస్తుంది. చేయి ఆ వ్యక్తి చేసే పనిని తెలుపుతుంది. నందికేశ్వరుని 'అభినయదర్పణం' నాట్యహస్తాలకు అర్థాలను నిర్దేశించింది. రూపచిత్రానికి అటువంటి శాస్త్రనియమం లేదు. చేతిలోని వస్తువు, పక్కనున్న మనుషులు, నిలిచిన స్థానం కలిసి అక్కడ అర్థాన్ని కల్పిస్తాయి. కాల్పనికోద్యమ కాలంలో ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ రోమ్ నగరంలో గీసిన పెన్సిల్ రూపచిత్రాలలో ముఖాన్ని సూక్ష్మంగా తీర్చి, దుస్తులను కొద్దిపాటి గీతలతో సూచించాడు. రంగుల ఆధారం లేని అటువంటి చిత్రంలో చేతి భంగిమకు ప్రాధాన్యం పెరుగుతుంది. ఇదే దృష్టితో ఆ కాలపు ఒక తైలవర్ణచిత్రాన్ని పరిశీలిస్తే, రాయలసీమ చరిత్రరచనకు సంబంధించిన ఒక ముఖ్యాంశం బోధపడుతుంది.

2. మెకంజీ రూపచిత్రం:

కాలిన్ మెకంజీ 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. మరుసటి ఏడాది మద్రాసులో థామస్ హికీ ఆయన రూపచిత్రాన్ని వేశాడు. ఎర్రని సైనిక దుస్తులలో మెకంజీ, ఆయనతో ముగ్గురు భారతీయ సహాయకులు అందులో కనిపిస్తారు. ఒక సహాయకుని వద్ద దూరదర్శిని, మరొకరి చేతిలో తాళపత్రాలు ఉన్నాయి. మొదటిది భూమిని కొలిచే పనికి, రెండవది గతాన్ని సేకరించే పనికి సంకేతం. యజమానిని సేవకులు కొలిచి ఉన్న దృశ్యంగా దీనిని చూడడం సులభం. అయితే తనకు దేశభాషలు రావని మెకంజీయే 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో అంగీకరించాడు. కనుక తాళపత్రాలు సహాయకుని చేతిలో ఉండడం కేవలం అలంకారం కాదు. చదవగలిగినవాడు ఎవరో తెలిపే సాక్ష్యం.

3. కైఫీయతులలోని చేతులు:

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో కడప సీమతోపాటు ఆదోని ప్రాంతమూ ఉంది. మెకంజీ సహాయకులు ఈ సీమ గ్రామాల నుండి కైఫీయతులను సేకరించారు. కరణాల కవిలెలు, శాసనాలు, పెద్దల నోటి మాటలు వాటికి ఆధారాలు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువును ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు వంటి వివరాలు వాటిలో ఉన్నాయి. వానలు తక్కువైన సీమలో చెరువు చరిత్ర ఊరి బతుకు చరిత్రే. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఈ కైఫీయతులను సంపుటాలుగా ప్రచురించింది.

4. ముగింపు:

నేటికీ ఈ సేకరణ మెకంజీ పేరుతోనే ప్రసిద్ధం. అది ఆయన పూనికకు తగిన గౌరవమే. కాని కైఫీయతును ఉదాహరించే పరిశోధకులు గ్రామం పేరునూ, లభించినచోట కరణం పేరునూ, రాసినవారి పేరునూ పేర్కొనడం అవసరం. హికీ చిత్రంలో తాళపత్రాలు పట్టిన చేయి కోరేది ఆ గుర్తింపునే.