మౌసు పక్కన పెట్టి చూడండి!

కరెంటు బిల్లు, రైలు టికెట్టు, బ్యాంకు ఖాతా... అన్నీ ఇప్పుడు వెబ్‌సైట్లలోనే. మరి చూపులేనివాళ్లకూ చేతులు సహకరించనివాళ్లకూ అవి పనికొస్తున్నాయా? తెలుసుకోవడానికి ప్రత్యేకంగా పరీక్షలున్నాయి.

చూపులేనివాళ్లు కంప్యూటర్ వాడేది స్క్రీన్‌రీడర్ సాయంతో. తెరమీద ఉన్న అక్షరాల్ని అది చదివి వినిపిస్తుంది. బొమ్మ దగ్గరకొచ్చేసరికి, సైటు తయారుచేసినవాళ్లు దాని వెనక రాసిపెట్టిన వివరణే దానికి ఆధారం. అది లేకపోతే ఏ ఫైలు పేరో చదివి ఊరుకుంటుంది. డబ్బు కట్టాల్సిన బటనే అలాంటి బొమ్మయితే... పని అక్కడితో ఆగిపోయినట్లే!

సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్లో బొమ్మలకు ఇలా వివరణలు లేవని 1999లో బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు ఫిర్యాదు చేశారు. నిర్వాహకులు ఆయనకు 20 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించాలని 2000లో అక్కడి మానవహక్కుల కమిషన్ ఆదేశించింది.

ఇంట్లోనే చేయొచ్చు

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1999లోనే ఇందుకు మార్గదర్శకాలు రూపొందించింది. 2023లో వాటి 2.2 వెర్షన్ వచ్చింది. వాటిలో కొన్నిటిని ఎవరైనా పరీక్షించొచ్చు.

* మౌసు ముట్టుకోకుండా కీబోర్డుతోనే ఫారం నింపి చూడండి. ప్రతి గడికీ వెళ్లగలగాలి. ఎక్కడున్నామో తెరమీద తెలియాలి.

* అక్షరాల్ని రెట్టింపు చేయండి. ఏదీ కనిపించకుండా పోకూడదు.

* లేత బూడిదరంగు అక్షరాలు తెల్లటి తెరమీద కలిసిపోతాయి. మామూలు సైజు అక్షరాలకీ వెనకరంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి.

* వీడియోలో మాటలు కింద అక్షరాల్లో రావాలి. అప్పుడే వినికిడి లేనివాళ్లకు అర్థమవుతుంది.

* ఎన్‌వీడీఏ అనే స్క్రీన్‌రీడర్ ఉచితం. ఆస్ట్రేలియాకు చెందిన ఓ అంధ యువకుడు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ తెలుగూ చదువుతుంది. దాన్ని పెట్టుకుని, తెర ఆపేసి వినండి.

యంత్రం చాలదు

ఇలాంటి లోపాల్ని పట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కానీ బొమ్మకు వివరణ ఉందా లేదా అనే అవి ముఖ్యంగా చూస్తాయి. 'బొమ్మ1' అని రాసినా పాసైపోవచ్చు! అది మనిషికి ఉపయోగపడుతుందా అన్నది వాడేవాళ్లే చెప్పాలి.

మనదేశంలో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కనురెప్పలు ఆడించమంటే, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఏం చేయాలి? అలాంటి బాధితులు వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది. సైట్లూ యాప్‌లూ తయారుచేసేటప్పుడు పరీక్షించే పనిలో అంధుల్ని భాగస్వాముల్ని చేయాలనీ, నిర్ణీత కాలాల్లో నిపుణులతో తనిఖీ చేయించాలనీ ఆదేశించింది.

అవి సరిగ్గా అమలైతే, చూపులేనివాళ్లు తమ ఖాతా పాస్‌వర్డ్‌ను పక్కవాళ్లకు చెప్పాల్సిన అవసరం ఉండదు!