అండమాన్‌కు కేబుల్ చేరింది; వెతికే నేర్పు చేరవలసి ఉంది

చెన్నై నుంచి బంగాళాఖాతం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల మేర పరచిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. సుమారు 1,224 కోట్ల రూపాయల వ్యయంతో పూర్తయిన ఈ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను దేశంతో కలిపింది. అంతవరకు ఉపగ్రహ మార్గమే ఆధారమైన దీవులలో ఒక్క పరిశోధన వ్యాసం తెర మీదికి రావాలన్నా ఎంతో ఓపిక పట్టవలసి వచ్చేది. ప్రారంభోత్సవంలో పర్యాటకం, బ్యాంకింగ్, టెలీమెడిసిన్, ఆన్‌లైన్ చదువు అన్నీ ప్రస్తావనకు వచ్చాయి. ఆన్‌లైన్ చదువు అంటే పాఠం వినడం ఒక్కటే కాదు. గ్రంథాలయంలో కావలసిన దానిని వెతికి పట్టుకోవడం అందులో సగభాగం. ఆ సగం ఇంకా వెనుకబడే ఉంది.

దీవులలో ఉన్నత విద్య చరిత్ర అంత పాతది కాదు. పోర్ట్ బ్లెయిర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967లో ఏర్పడింది. తొలినాళ్లలో ఎక్కడో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి, తర్వాత దశాబ్దాల తరబడి పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. మాయాబందర్‌లో మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల 1990లో వచ్చింది. ఓడలో మూడు రోజుల ప్రయాణం దూరాన ఉన్న ఊరికి కొత్త పుస్తకం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచే రావాలి. విమానంలో వచ్చే పత్రికకు ఖర్చెక్కువ, తుపాను కాలంలో ఓడకు భరోసా తక్కువ. ఇటువంటి చోట ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రత్యామ్నాయం కాదు, అవసరం.

ఈ విషయంలో తెలుగువారికి కూడా ఆసక్తి ఉండవలసిన కారణం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలోని సుమారు 3.8 లక్షల మందిలో దాదాపు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలి పనులకు తరలివెళ్లిన కుటుంబాల పిల్లలు నేడు కళాశాలల్లో ఉన్నారు. ఇంటి భాష ఒకటి, బజారు భాష మరొకటి, పరిశోధన వ్యాసాల భాష ఇంగ్లిషు.

అందుబాటులో ఉన్న సంపద మాత్రం తక్కువది కాదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2010లో కళాశాలల కోసం ఎన్‌–లిస్ట్ పథకాన్ని మొదలుపెట్టి, వేలాది పత్రికలను, ఇ–పుస్తకాలను విద్యార్థి సొంత లాగిన్‌తో చదువుకునే వీలు కల్పించింది. దేశంలోని పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల నిధి శోధ్‌గంగను నిర్వహించేది కూడా ఇదే సంస్థ. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. ఇక ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దీని లక్ష్యం. ప్రజాధనంతో చందా కట్టిన పత్రికను ఎవరూ తెరవకపోతే, అది బీరువాలో తాళం వేసిన పుస్తకంతో సమానమే.

తెరవకపోవడానికి మొదటి కారణం తప్పు ద్వారం. విద్యార్థి సాధారణ సెర్చి ఇంజిన్‌లో వెతికి, నేరుగా ప్రచురణకర్త సైటుకు వెళతాడు. అక్కడ ఒక్క వ్యాసానికి ముప్పై, నలభై డాలర్లు కట్టమని కనిపిస్తుంది. ఇది మనకు అందనిదని మూసివేస్తాడు. అదే వ్యాసం కళాశాల లాగిన్ ద్వారా వెళితే పైసా ఖర్చు లేకుండా తెరుచుకోవచ్చు. డబ్బు అడిగిన ప్రతిచోటా వెనుదిరగకుండా, వ్యాసం శీర్షికను రాసుకుని గ్రంథాలయ ద్వారం గుండా మళ్లీ ప్రయత్నించడం మంచిది.

రెండవ కారణం ప్రశ్నను ప్రశ్నగానే టైపు చేయడం. ‘అండమాన్‌లో పగడపు దిబ్బలు ఎందుకు తెల్లబడుతున్నాయి’ అన్నది ఉపాధ్యాయుడికి వేయదగిన ప్రశ్న. చాలా పత్రికా నిధులు మాత్రం ఇప్పటికీ మాటలనే సరిపోల్చి చూస్తాయి. కాబట్టి ప్రశ్నలోని కీలక పదాలను విడదీసి, శాస్త్రజ్ఞులు వాడే మాటల్లోకి మార్చుకోవాలి: కోరల్ బ్లీచింగ్, అండమాన్, సీ సర్ఫేస్ టెంపరేచర్. ‘కోరల్ బ్లీచింగ్’ రెండు మాటలూ పక్కపక్కనే రావాలంటే ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచాలి. అప్పుడు 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడిన ఉదంతంపై వచ్చిన వ్యాసాలు వరుసగా బయటపడతాయి.

‘అండమాన్’ అన్న మాటతోనే మరో చిక్కు ఉంది. అండమాన్ సముద్రం థాయిలాండ్‌ను, మయన్మార్‌ను కూడా తాకుతుంది. ఫుకెట్ తీరంలోని పరిశోధనలన్నీ అదే పేరుతో వచ్చిపడతాయి. ఇక్కడ ఉపయోగపడేవి ఆండ్, ఆర్, నాట్ అనే మూడు చిన్న మాటలు. పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లిషు గణితవేత్త జార్జ్ బూల్ తర్కం నుంచి వచ్చినవివి. ఆండ్ వలను బిగిస్తుంది, ఆర్ వెడల్పు చేస్తుంది, నాట్ అక్కరలేనిదాన్ని తోసేస్తుంది. అయితే నాట్‌ను జాగ్రత్తగా వాడాలి. థాయిలాండ్‌ను పూర్తిగా తోసివేస్తే, రెండు తీరాలను పోల్చి చూపిన మంచి వ్యాసం కూడా దానితోపాటే పోతుంది.

దీవుల విద్యార్థికి అన్నిటికంటె పెద్ద పరీక్ష ఊళ్ల పేర్లు. 2018 డిసెంబర్ 30న హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గా, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మారాయి. పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు పెడుతున్నట్లు కేంద్రం 2024 సెప్టెంబర్ 13న ప్రకటించింది. కొత్త పేరుతో మాత్రమే వెతికినవారికి అంతకుముందు వెలువడిన సాహిత్యం దాదాపు ఏదీ కనిపించదు. సెల్యులార్ జైలు మొదలుకొని 2004 సునామీ వరకు అంతా పాత పేరు మీదే ఉంది. పాత పేరు, కొత్త పేరు మధ్య ఆర్ వేయడం తప్పనిసరి. కమోర్టాను ఇంగ్లిషులో కొందరు ‘కె’తో, కొందరు ‘సి’తో రాశారు. షోంపెన్ తెగ పేరు ఒక చోట ఒకే మాట, మరొక చోట రెండు మాటలు. ఒక అక్షరం తేడాతో ఒక తరం పరిశోధన కనుమరుగవుతుంది. చెట్టుకూ జంతువుకూ శాస్త్రీయ నామం ఉన్నందువల్ల ఈ బాధ కొంత తక్కువ. అండమాన్ పడౌక్‌ను టెరోకార్పస్ డాల్బర్జియాయిడిస్ అని, గలాథియా తీరంలో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేలును డెర్మోకెలిస్ కోరియేషియా అని వెతికితే ఏ దేశపు వ్యాసమైనా దొరుకుతుంది.

తెలుగు పుస్తకాల సంగతి ఇంతకంటె క్లిష్టం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. కానీ చాలావాటి పేర్లను రోమన్ లిపిలో ఎవరికి తోచినట్లు వారు నమోదు చేశారు. ‘చరిత్ర’ అన్న ఒక్క మాటకే మూడు నాలుగు వర్ణక్రమాలు. పేరుతో దొరకకపోతే రచయిత ఇంటిపేరుతో, అదీ కాకపోతే ప్రచురణ సంవత్సరంతో ప్రయత్నించాలి. అంతటి శ్రమతో భద్రపరచిన పుస్తకాలను వెతుక్కోవలసి రావడం విచారకరం.

మంచి వ్యాసం ఒక్కటి దొరికితే పని సగం అయినట్లే. దాని చివరనున్న ఆధార గ్రంథాల పట్టిక వెనక్కి తీసుకుపోతుంది; దానిని తర్వాత ఎవరెవరు ఉదహరించారన్న సమాచారం ముందుకు తీసుకుపోతుంది. శోధ్‌గంగలోని సిద్ధాంత గ్రంథాలలో ఇటువంటి పట్టికలు పదుల పుటలు ఉంటాయి.

అన్నీ పత్రికలలో దొరకవు. 2022లో పర్యావరణ అనుమతి పొందిన, అప్పట్లో దాదాపు 72,000 కోట్ల రూపాయలుగా అంచనా వేసిన గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుపై అధ్యయనం చేసే విద్యార్థికి పర్యావరణ ప్రభావ నివేదిక, పార్లమెంటు ప్రశ్నోత్తరాలు, కోర్టు ఉత్తర్వులు కావాలి. అవి ప్రభుత్వ సైటుల్లో ఉంటాయి. ఏది ఎక్కడ ఉంటుందో చెప్పగలిగినవారు గ్రంథాలయాధికారులే. విద్యా సంవత్సరం ఆరంభంలోనే వారిని కలిసి లాగిన్ తీసుకుని, ఒక గంట కూర్చుని తమ అంశాన్నే వెతికి చూపమని అడిగిన విద్యార్థికి పరీక్షల ముందు పరుగులు తీయవలసిన పని ఉండదు.