హలాయుధం విలువ ఎంత? – బల్లపై యుద్ధక్రీడల్లో బలహీన ఆయుధాల ఎంపిక: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: బొమ్మల సైన్యాలతో బల్లపై ఆడే యుద్ధక్రీడల్లో, పాత్రకు తగిన ఆయుధం లెక్కల దృష్ట్యా తరచుగా బలహీనమైనదిగా ఉంటుంది. అటువంటి ఆయుధాన్ని ఎంచుకోదగినదిగా చేసే నియమాలను బలరాముని హలాయుధం, పులిజూదం, ‘బాహుబలి: ద బిగినింగ్’ చిత్రంలోని యుద్ధఘట్టం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: యుద్ధక్రీడ, సైన్యనిర్మాణం, ఔచిత్యం, హలాయుధం, పులిజూదం, బాహుబలి.

1. ఉపోద్ఘాతం:

1824లో ప్రష్యా సైన్యం స్వీకరించిన ‘క్రీగ్‌ష్పీల్’ సైనికాధికారుల శిక్షణ కోసం ఏర్పడిన క్రీడ. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ పుస్తకంతో అది ఇంటి వినోదంగానూ పరిచయమైంది. 1987లో వెలువడిన ‘వార్‌హామర్ 40,000’ వంటి క్రీడల్లో పోరు పాచికలు వేయకముందే మొదలవుతుంది. ఇరుపక్షాలవారూ ముందుగా ఒప్పుకున్న పాయింట్ల పరిమితికి లోబడి తమ తమ సైన్యాలను కూర్చుకుంటారు. ఒక్కొక్క దళానికి ఒక్కొక్క వెల. ఈ కూర్పునే సైన్యనిర్మాణం అంటారు.

చిక్కు ఇక్కడే ఉంది. ఒక వీరుని కథకు, వేషానికి, వంశానికి అతికినట్లుండే ఆయుధం వేరు. శత్రువును ఎక్కువగా నష్టపరిచే ఆయుధం వేరు. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం మొదటిదాన్ని కోరుతుంది, గెలుపు రెండవదాన్ని కోరుతుంది. ఆటగాడు సాధారణంగా గెలుపు వైపే మొగ్గుతాడు. అందుకు అతనిని తప్పుపట్టవలసిన పనిలేదు, లోపం నియమాలది.

2. వెల తగ్గిస్తే చాలునా?

బలహీనమైన ఆయుధానికి వెల తగ్గించడం అందరికీ తోచే ఉపాయం. మిగిలిన పాయింట్లతో మరొక సైనికుని తెచ్చుకోవచ్చు కనుక అది కొంతవరకు పనిచేస్తుంది. 2023లో వచ్చిన వార్‌హామర్ 40,000 పదవ కూర్పు చాలా ఆయుధాల విడి వెలలను తొలగించి, దళం మొత్తానికి ఒకే వెల నిర్ణయించింది. లెక్క సులువైంది. కానీ అన్నీ ఒకే వెలకు దొరుకుతున్నప్పుడు తక్కువదానిని తీసుకోవడానికి ఆర్థిక కారణమేదీ మిగలదు. అప్పుడు ఆ ఆయుధం చేయగల పని వేరైనా కావాలి, లేదా అది పెట్టెలోనే ఉండిపోవాలి.

బలం పెంచడం మరొక దారి. ప్రాచీన చదరంగంలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. పదిహేనవ శతాబ్ది చివర ఐరోపాలో ఆ పావుకు నేటి విస్తారమైన గతి లభించింది. పావు బతికింది, కానీ రాజు పక్కన అడుగులో అడుగు వేసే సలహాదారు స్వభావం పోయింది. బలం పెంచితే రుచి మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

3. నాగలి చేసే పని:

బలరాముడు హలి, ముసలి. నాగలి, రోకలి అతని ఆయుధాలు. కత్తితో పోల్చి నాగలికి అంకెలు వేస్తే అది ఓడుతుంది: బరువెక్కువ, వేగం తక్కువ. అయితే భాగవత దశమస్కంధంలో దాని ప్రత్యేకత వేరే చోట కనిపిస్తుంది. పిలిచినా రాని యమునను బలరాముడు నాగలితో లాగుతాడు. సాంబుని బంధించిన కౌరవులపై కోపించి హస్తినాపురాన్నే నాగలికి తగిలించి గంగ వైపు ఈడుస్తాడు. రెండు సందర్భాలలోనూ నాగలి చేసినది దున్నేవాని పనే: ఈడ్వడం. క్రీడా పరిభాషలో చెప్పాలంటే ఈ ఆయుధానికి ఇవ్వవలసింది అదనపు గాయాలు కాదు, శత్రుదళాన్ని కోట చాటునుండి బయటకు లాగే శక్తి. ఆ పని కత్తికి చేతకాదు కనుక ఇక పోలిక ఉండదు.

4. పక్కనున్న మేక:

ఆలయ మండపాల రాతినేలలపై గీసి ఆడిన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. మేక దేనినీ చంపలేదు. పులి మాత్రం మేకను దాటి, దాని వెనుక స్థానం ఖాళీగా ఉంటే దూకి చంపుతుంది. ఆ వెనుక స్థానంలో మరొక మేక నిలిస్తే దూకడం కుదరదు. మేక బలం మేకలో లేదు, పొరుగున ఉంది. పులులను కదలనివ్వకుండా చేస్తే మేకలదే గెలుపు. గెలుపంటే చంపడం అని నియమం ఉంటే మేకల పక్షాన ఎవరూ కూర్చోరు.

5. బాహుబలి యుద్ధఘట్టం:

శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాలలో వేళ్లూనిన తెలుగు చిత్రపరిశ్రమ ఈ సమస్యను తన పద్ధతిలో ఎదుర్కొంది. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి: ద బిగినింగ్’లో కాలకేయులతో యుద్ధానికి ముందు ఆయుధాల పంపకం జరుగుతుంది. బిజ్జలదేవుని పక్షపాతం వల్ల మేలైన ఆయుధాలు భల్లాలదేవునికి దక్కుతాయి. తిరిగే కత్తుల రథం అతనిదే. బాహుబలి పెద్ద పెద్ద గుడ్డలను శత్రువులపైకి విసిరించి నిప్పంటిస్తాడు. గుడ్డకు విడిగా దాడి విలువ సున్నా. నిప్పుతో కలిసినప్పుడే అది ఆయుధం.

అంతకంటే ముఖ్యమైనది తరువాతి ఘట్టం. కాలకేయులు బందీలైన ప్రజలను కవచంగా ముందుకు తోస్తారు. భల్లాలదేవుడు వారి మీదుగానే సాగిపోతాడు. బాహుబలి బరువులు కట్టిన తాళ్లు విసిరించి వారిని నేలపై పడవేసి కాపాడతాడు. ఆ తాడు ఎవరినీ చంపదు. కాలకేయ నాయకుని చంపినవానికే రాజ్యమన్నది ముందు చెప్పిన నియమం, చంపినవాడు భల్లాలదేవుడు. అయినా శివగామి ప్రజలను కాపాడినవానినే రాజుగా ప్రకటిస్తుంది. చంపినందుకే పాయింట్లు లభిస్తే తాడు వ్యర్థం. కాపాడినందుకూ పాయింట్లు లభిస్తే రథం కన్నా తాడు విలువైనది.

ఒక భేదాన్ని మాత్రం గమనించాలి. శివగామి తీర్పు యుద్ధం ముగిసిన తరువాత వచ్చింది. సినిమాలో అది చెల్లుతుంది. బల్లపై ఆటగాడు దానిని మోసమంటాడు. బందీలను కాపాడితే ఎన్ని పాయింట్లో సైన్యాన్ని కూర్చడానికి ముందే తెలిసి ఉండాలి. అప్పుడే తాడుకు పెట్టిన వెల తెలివైన ఎంపిక అవుతుంది.

6. హద్దులు:

పారితోషికం మితిమీరితే వ్యతిరేక ఫలితం కలుగుతుంది. లాగే శక్తి అన్నింటికన్నా లాభసాటి అయిననాడు ప్రతి దళమూ నాగలి పట్టుకొనే వస్తుంది. పదిమంది హలాయుధులున్న సైన్యంలో బలరాముని గుర్తుపట్టడం కష్టం. అందుచేత ఇటువంటి ఆయుధాన్ని సైన్యానికి ఒక్కటిగా, అదీ ఒక నిర్దిష్ట వీరునికే పరిమితం చేయడం మేలు. తాడు వంటి సామాన్య సాధనాలకు ఈ పరిమితి అవసరం లేదు. వాటి ఉపయోగం బందీలున్న పోరుకే పరిమితం కనుక, ఆ పోరు రానప్పుడు వాటి కోసం వెచ్చించిన పాయింట్లే ఆటగానిని అదుపులో ఉంచుతాయి.