చౌక ధరకు మేటి ఫోను: ధరతోపాటు రాబడీ చూడాలి

తిరుపతి: ఏ సరుకుకైనా బజారులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ధర, రెండవది రాబడి. మదనపల్లె యార్డులో టమోటా ధర చెప్పేవారు ఆ రోజు ఎంత సరుకు దిగిందో కూడా చెబుతారు. రాబడి తెలియని ధరను నమ్మి ఏ వర్తకుడూ బయానా ఇవ్వడు. సెల్‌ఫోన్ల వ్యాపారంలో మాత్రం 2014 నుంచి వేరొక పద్ధతి స్థిరపడింది. మేటి రకం ఫోనుకు చౌక ధర ప్రకటిస్తారు. ఆ ధరకు ఎన్ని ఫోన్లు అమ్ముతారన్నది చాలా సందర్భాలలో అమ్మకం ముగిసిన తర్వాతగాని బయటపడదు.

ఇటువంటి ఫోను విలువ కట్టడంలో చిల్లర వర్తకులు, దళారులు పొరబడడానికి ఇదే ప్రధాన కారణం. ప్రకటించిన ధర కొందరికే దక్కే ధర. మిగిలినవారికి అది సూచన మాత్రమే.

మొదటి బేరం

చైనాకు చెందిన షావోమి కంపెనీ 2014 జులైలో మన దేశంలో అడుగుపెట్టింది. తెచ్చిన మొదటి ఫోను ఎంఐ 3. ధర రూ. 13,999. దుకాణాలకు సరుకు పంపలేదు. ఫ్లిప్‌కార్ట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికే అమ్మకం. జులై 22న మొదటి విడత నలభై నిమిషాల లోపే చెల్లిపోయింది. వారం తిరిగేసరికి రెండవ విడత 5 సెకన్లలో ముగిసింది. ఆగస్టు 12న 20,000 ఫోన్లు 2.4 సెకన్లలో అమ్ముడుపోయినట్లు ప్రకటన వెలువడింది.

గిరాకీ అంతగా ఎందుకు ఉన్నదో తెలుసుకోవడానికి పోటీ సరుకు ధరలు చూడాలి. ఎంఐ 3లో ఉన్నది క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ 800 ప్రాసెసర్. ఇదే ప్రాసెసర్‌తో 2013 చివరలో వచ్చిన గూగుల్ నెక్సస్ 5 ధర రూ. 28,999. అంటే సరిగ్గా రెండింతల పైచిలుకు. 2014 ఏప్రిల్‌లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్ 5 ధర రూ. 51,500. బియ్యం ఒకే రకమై బస్తా మీద ముద్ర మాత్రం మారిందన్న భావం కొనుగోలుదార్లలో కలిగింది. కొంతవరకు అది నిజం కూడా.

అయితే ఆ తర్వాత జరిగినదే వర్తకులు గుర్తుంచుకోవలసిన విషయం. ఆగస్టు నెల ముగిసేలోగా కంపెనీ ఎంఐ 3 అమ్మకం ఆపి, రూ. 5,999 ధర గల రెడ్‌మి 1 ఎస్ వైపు మళ్లింది. సెప్టెంబరు 2న ఆ ఫోన్లు 40,000 దాకా 4.2 సెకన్లలో చెల్లిపోయినవి. మొదట వచ్చిన మేటి రకం మచ్చు సరుకుగా పనిచేసింది. పేరు దానివల్ల వచ్చింది, వ్యాపారం మాత్రం తక్కువ ధర రకం మీద సాగింది.

కొరత వెనుక లెక్క

కొరత అంతా కృత్రిమమని కొట్టిపారేయడం సరికాదు. కొత్త కంపెనీకి దేశంలో ఎంత గిరాకీ వస్తుందో ముందు తెలియదు. ఎక్కువ సరుకు దించి మిగిలిపోతే నష్టం. అయినా కంపెనీకి ఇందులో లాభం కూడా ఉన్నది.

ఫోనులో వాడే చిప్పులు, తెరలు, మెమరీ వంటి విడిభాగాలు విడుదలనాడు ఖరీదుగా ఉండి, సాధారణంగా నెలలు గడిచేకొద్దీ చౌకపడతాయి. ఒకే ఫోనును ఏడాదిన్నర, రెండేళ్లు అమ్ముతామని, అందువల్లనే మొదటినుంచీ తక్కువ ధర పెట్టగలుగుతున్నామని షావోమి తరఫున అప్పట్లో హ్యూగో బర్రా వివరించారు. దీనిని బజారు భాషలో చెప్పుకుంటే, మొదటి నెలల్లో అమ్మే ఫోను మీద కంపెనీకి మిగిలేది స్వల్పం, తర్వాత అమ్మేదాని మీద మిగులు హెచ్చు. కాబట్టి మొదట కొద్ది సరుకు, తర్వాత ఎక్కువ సరుకు అమ్మడమే వారికి కిట్టుబాటు. పైగా 2 సెకన్లలో అయిపోయిందన్న వార్త పత్రికలలో ఉచితంగా పడుతుంది. దుకాణదారు కమీషన్ లేదు, గోదాములో నిల్వ లేదు, అరువు బేరం అసలే లేదు.

షావోమి అధిపతి లీ జున్ 2018 ఏప్రిల్‌లో హార్డ్‌వేరు మీద తమ నికర లాభం 5 శాతం మించనివ్వబోమని ప్రకటించారు. తయారీదారే 5 శాతం అనుకున్న చోట చిల్లర దుకాణానికి మిగిలేది ఎంతో ఊహించవచ్చు.

అలిపిరి వరుస

ధర తక్కువై సరుకు పరిమితమైతే ఏమవుతుందో ఈ ప్రాంతంవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అలిపిరి వద్ద భూదేవి కాంప్లెక్సులో సర్వదర్శనం టోకెన్లకు రుసుము లేదు. రోజు కోటా ముగిస్తే కౌంటరు మూసివేస్తారు. అక్కడ యాత్రికుడు డబ్బుకు బదులు కాలం వెచ్చిస్తాడు. రూ. 300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైనులో విడుదలైనప్పుడు కూడా, తెరమీద కనిపించే ధర ఒకటే అయినా టికెట్ దక్కేది వేగంగా నొక్కగలిగినవారికే.

ఫోను బేరంలోనూ వరుస ఉన్నది. కాని ఒక భేదం గమనించాలి. దర్శనాల కోటాకు రోజులోని గంటలే హద్దు. దానిని ఎవరూ పెంచలేరు. ఫోన్ల కోటాకు హద్దు కంపెనీ నిర్ణయం. వచ్చే వారమే అది పెరగవచ్చు. పెరిగిన నాడు పై ధర ఇచ్చి కొన్న మారుబేరగాడి చేతిలో సరుకు అలాగే ఉండిపోతుంది.

శ్రీసిటీ చెప్పిన సంగతి

ఈ హద్దు ఎంత త్వరగా కదులుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలోని శ్రీసిటీ 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు జిల్లాలో భాగం. అక్కడ ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైన రెడ్‌మి 2 ప్రైమ్‌ను 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో విడుదల చేశారు. ధర రూ. 6,999. 2017 మార్చిలో శ్రీసిటీలోనే రెండవ కర్మాగారం ప్రకటిస్తూ, రెండూ కలిసి పనిగంటలలో సెకనుకు ఒక ఫోను తయారుచేయగలవని కంపెనీ తెలిపింది. పనివారు 5,000 మందికి పైగా ఉన్నారని, వారిలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల మహిళలని కూడా పేర్కొన్నది.

అదే నెల 23న రూ. 5,999 ధర గల రెడ్‌మి 4 ఎ ఫోన్లు రెండున్నర లక్షలు 4 నిమిషాలలో అమ్ముడుపోయినవి. వినడానికి ఇది తీవ్రమైన కొరత. కాని సెకనుకు ఒక ఫోను చొప్పున లెక్కిస్తే రెండున్నర లక్షల ఫోన్లంటే సుమారు 70 పనిగంటల తయారీ మాత్రమే. దీనినిబట్టి తేలేది ఏమంటే, ఎంతసేపట్లో అయిపోయిందన్న అంకె వాకిట నిలిచిన జనాన్ని చెబుతుంది గాని, వెనుక రాబోయే సరుకును చెప్పదు. టోకు వర్తకులకు కావలసింది ఆ రెండవ అంకె.

జిల్లాలో తయారైన సరుకు జిల్లా దుకాణాలకు ముందు చేరాలన్న నియమమూ ఏదీ లేదు. పంపకం ఎక్కడికన్నది కంపెనీ ఇష్టం.

పోకో ఎఫ్ 1 ఉదాహరణ

మేటి ఫోను, చౌక ధర అన్న మాటకు నికార్సయిన ఉదాహరణ 2018 ఆగస్టు 22న షావోమి విడుదల చేసిన పోకో ఎఫ్ 1. ప్రారంభ ధర రూ. 20,999. అందులోని స్నాప్‌డ్రాగన్ 845 ప్రాసెసర్‌తోనే అంతకు మూడు నెలల ముందు వచ్చిన వన్‌ప్లస్ 6 ధర రూ. 34,999. ఆగస్టు 29న మొదటి అమ్మకంలో 5 నిమిషాల లోపల రూ. 200 కోట్ల పైచిలుకు సరుకు చెల్లినట్లు కంపెనీ ప్రకటించింది. కనిష్ఠ ధరతో భాగిస్తే ఆ 200 కోట్లకు సుమారు 95 వేల ఫోన్లు వస్తాయి. రూ. 28,999 వరకు ధర గల రకాలు కూడా అందులో ఉన్నందున ఆ మొత్తానికి ఫోన్లు ఇంకా తక్కువే అవుతాయి. దేశం మొత్తానికి ఇది పెద్ద రాబడి కాదు.

రూ. 14,000 తేడా ఎక్కడ నుంచి వచ్చింది? వెనుక భాగం గాజు కాదు, ప్లాస్టిక్. ఫోను తాకించి చెల్లింపు జరిపే ఎన్ఎఫ్‌సి సౌకర్యం లేదు. కెమెరాలో చేతి వణుకును సరిదిద్దే ఆప్టికల్ ఏర్పాటు లేదు. విడుదలనాడు కొన్ని సినిమా యాప్‌లలో పూర్తి స్పష్టతతో బొమ్మ వచ్చేది కాదు. ప్రాసెసర్, బ్యాటరీ మాత్రం గట్టివి. వేగం కావలసినవారికి అది మంచి బేరమే. చేతికి అందం, ఫోటోకు నాణ్యం కావలసినవారికి చవకదనం కొంత కోత పెట్టినట్లే.

నిల్వదారుకు నష్టం

బెల్లం నిల్వ చేస్తే సీజను తప్పాక ధర పలుకుతుంది. ఫోను ఆ కోవలోది కాదు. పెట్టె సీలు విప్పకపోయినా అది పాతబడుతుంది. పోకో ఎఫ్ 1 ప్రారంభ రకం ధరను 2018 డిసెంబరులో రూ. 19,999కి తగ్గించారు. ఆగస్టు అమ్మకంలో దొరికిన ఫోనును నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ సొమ్ముతో కొని మూడు నెలలు దాచిన వ్యక్తి లెక్క చూడవచ్చు. వడ్డీ రూ. 1,260. ధర తగ్గుదల రూ. 1,000. మొత్తం రూ. 2,260, అంటే పెట్టుబడిలో పదవ వంతుకు పైగా పోయినట్లు. మొదట పై ధర కూడా ఇచ్చి ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది. ఇటువంటి సరుకు మీద లాభం ఉంటే మొదటి కొద్ది రోజులలోనే. ఆ రోజులలో దుకాణదారుకు సరుకే దొరకదు.

పేరు కుదిరాక ధర

చౌక ధర ఎంతకాలం నిలుస్తుందన్నది మరొక ప్రశ్న. వన్‌ప్లస్ కంపెనీ 2014 డిసెంబరు 2న మన దేశంలో మొదటి ఫోను రూ. 21,999కి అమ్మింది. అమెజాన్‌లో, అదీ ఆహ్వానం అందినవారికే. 2018లో దాని మేటి ఫోను ప్రారంభ ధర రూ. 34,999కి చేరింది. 2025 జనవరిలో వచ్చిన వన్‌ప్లస్ 13 ధర రూ. 69,999. పదేళ్లలో మూడు రెట్లకు పైగా పెరుగుదల. పోకో ఎఫ్ 1 తర్వాత 2020లో విదేశాలలో విడుదలైన ఎఫ్ 2 ప్రో మన బజారుకు రానేలేదు. ప్రారంభంలోని చౌక ధర కంపెనీకి పేరు సంపాదించే ఖర్చు. పేరు కుదిరాక ఆ ఖర్చు పెట్టవలసిన అవసరం ఉండదు.

దుకాణాల మాట

ఆన్‌లైనుకే పరిమితమైన అమ్మకాలపై వర్తకుల ఫిర్యాదు పాతదే. మార్కెట్‌ప్లేస్ సంస్థలు తమ వద్దనే అమ్మాలని ఏ విక్రేతనూ నిర్బంధించరాదన్న విదేశీ పెట్టుబడి నిబంధన 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద దర్యాప్తుకు ఆదేశించింది. పోటీ చట్టం ఉల్లంఘన జరిగిందని దర్యాప్తు విభాగం 2024లో అభిప్రాయపడినట్లు వార్తలు వచ్చినవి. ఆ అభిప్రాయం తుది తీర్పు కాదు.

2024 ఏప్రిల్‌లో దక్షిణాది ఆర్గనైజ్డ్ రిటైలర్స్ అసోసియేషన్, లాభం చాలడం లేదని, వారంటీ పరిష్కారాలలో జాప్యం జరుగుతోందని, మే 1 నుంచి వన్‌ప్లస్ ఫోన్లు అమ్మబోమని లేఖ రాసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా పలు రాష్ట్రాలలోని సుమారు 4,500 దుకాణాల పక్షాన ఈ నిర్ణయం వెలువడింది. ఆహ్వానాలతో ఆరంభమైన కంపెనీకి కూడా చివరకు దుకాణం అవసరమైనదని, దుకాణదారు మాటకు విలువ వచ్చినదని దీనివల్ల స్పష్టమవుతుంది.

కొనుగోలుకు ముందు

చౌక మేటి ఫోను ప్రకటన వెలువడినప్పుడు వర్తకులు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవడం మేలు. మొదటి విడతలో ఎన్ని ఫోన్లు, తర్వాతి విడత ఎప్పుడు? ఫోను తయారీ దేశంలోనా, దిగుమతా? దేశంలోనే అయితే కొరత త్వరగా తీరే వీలున్నది. ధర తగ్గించినప్పుడు దుకాణంలోని పాత నిల్వకు కంపెనీ తేడా చెల్లిస్తుందా? 2020 ఏప్రిల్ 1 నుంచి ఫోన్ల మీద 18 శాతంగా ఉన్న జీఎస్టీ పోను బిల్లు మీద నికరంగా మిగిలేది ఎంత?

ఈ నాలుగింటికి సమాధానం రానంతవరకు ఖాతాదారు పేరున ఆర్డరు వ్రాసుకొని, బయానా పుచ్చుకొని, సరుకు వచ్చినప్పుడు ఇవ్వడమే క్షేమం. రొక్కం పెట్టి నిల్వ చేయడానికి ఇది తగిన సరుకు కాదు. ఫోను ఎంత మంచిదైనా అందులోని లాభం కొనుక్కొని వాడుకునేవారిది. దాచేవారికి అందులో వాటా తక్కువ.