కడుపులో పాపాయి గుండెను ఎలా చూస్తారు?

అమ్మ కడుపులోని పాపాయి గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. ఎంత వేగమో! దాన్ని చూడ్డానికి డాక్టర్లు మన చెవికి వినపడని శబ్దాన్ని వాడతారు. పొట్టమీద జెల్ రాసి, ఆ శబ్దాన్ని పంపే పరికరమైన ప్రోబ్‌ను ఆనించి మెల్లగా జరుపుతారు. మధ్యలో గాలి ఉంటే ధ్వని తరంగాలు లోపలికి పోవు, అందుకే ఆ జెల్. గుండెకు తగిలి తిరిగొచ్చిన తరంగాలను కంప్యూటర్ బొమ్మగా మారుస్తుంది. నాలుగు గదులు, తెరుచుకుని మూసుకునే కవాటాలు కదులుతూ కనిపిస్తాయి.

పై గదుల మధ్య చిన్న రంధ్రం కూడా ఉంటుంది. కంగారు వద్దు! పాపాయి ఇంకా గాలి పీల్చదు కదా, అందుకే ఊపిరితిత్తులను తప్పించి రక్తం వెళ్లే దారి అది. పుట్టాక సాధారణంగా మూసుకుపోతుంది.

ఫీటల్ ఎకో అనే ఈ పరీక్షను ఎక్కువగా గర్భం 18 నుంచి 24 వారాల మధ్య ఉన్నప్పుడు చేస్తారు. లోపం ముందే తెలిస్తే, పిల్లల గుండె వైద్యులున్న ఆసుపత్రిలోనే కాన్పుకు ఏర్పాట్లు చేసుకోవచ్చు.