శ్రీకాళహస్తిలో ఒకనాటి బస

తిరుమలయాత్ర చేసిన తెలుగు కుటుంబములలో పెక్కు శ్రీకాళహస్తికిని పోయివచ్చుచుండును. ఆ పోయివచ్చుట యెట్లుండునో మన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. వేకువనే కొండ దిగి, బసలో మూటలు కట్టుకొని, తిరుపతినుండి సుమారు 36 కిలోమీటర్లు మోటారులో వచ్చి, రాహుకేతుపూజకు టిక్కెట్టు తీసికొని, వెండి నాగపడగల యెదుట కూర్చుండి లేచి, స్వామిని అమ్మవారిని దర్శించి, ఆ క్షణమే బండి యెక్కుదురు. కాళహస్తిని చూచిన పిమ్మట మరియొక గుడికి పోరాదు, త్రోవలో ఎవ్వరి యింటను దిగరాదు, తిన్నగా ఇల్లు చేరవలెనని పెద్దలమాట యొకటి వాడుకలో నున్నది. ఇక ఊరిని చూచువారెవ్వరు?

మేమును మూడుమార్లు ఈ విధముననే పోయి, మూడుమార్లును ఊరిని చూడకయే తిరిగివచ్చితిమి. నాలుగవమారు ప్రయాణమగుచుండగా మా పెద్దమ్మగారు, “తిన్నగా ఇంటికి పొమ్మన్నది దర్శనమైన తరువాత కదటే అమ్మాయీ! దర్శనమునకు ముందు రెండునాళ్లుండిన కాదనువా రెవరే?” యనిరి. ఇంత చిన్న యుపాయము మాకు తోచకపోయినందులకు సిగ్గుపడితిమి. ఆమె మాటప్రకారము ముందు ఊరు, తుదకు గుడి యని నియమము పెట్టుకొని పోయి చూచిన సంగతులనే ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ యూరు ఇటీవల రెండు విధముల పడి లేచినది. మొదటిది అందరెరిగినదే. స్వర్ణముఖీనది యొడ్డున, గుడికి ఎడముగ వీథికి తలమానికమై నిలిచియుండిన ఏడంతస్తుల గాలిగోపురము శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించినది. నూరుకాళ్ల మండపమును ఆయన నిర్మాణమే. ఆ గోపురమునకు నిలువున బీటలు పారి, 2010 మే 26వ తేదీ రాత్రి ఒక్కుమ్మడిగ కూలిపోయెను. బీటలు ముందే కనబడినందున చుట్టుప్రక్కలవారిని తొలగించిరి గావున ప్రాణనష్టము కలుగలేదు. ఇంచుమించు ఐదువందల యేండ్లు నిలిచిన కట్టడము రాళ్లగుట్టయై పడియుండగా చూచి, ఊరి ముసలివారు తమ యింట చావు జరిగినట్లు ఏడ్చిరట. ఏడు వత్సరములకు దాతల విరాళముతో ఆ చోటనే క్రొత్తగోపురము లేచి 2017లో కుంభాభిషేకము జరిగెను. క్రొత్తది పాతదానికి సాటి యగునా యని వాదించువారున్నారు. ఆ వాదమునకు మేము పోము. పాతదాని క్రింద పూలు, గాజులు, పసుపుకుంకుమలు అమ్ముకొనిన ఆడువారి బిడ్డలు నేడు క్రొత్తదాని నీడను అవియే అమ్ముకొనుచున్నారు.

యాత్రికులమీద బ్రతుకు ఊళ్లకెల్ల ఇట్టి కష్టమొకటి యుండును. మెక్సికో దేశమున పసిఫిక్ సముద్రపుటొడ్డున ఆకపుల్కో యను విహారనగరము కలదు. 2023 అక్టోబరు 25వ తేదీన ఓటిస్ అను పెనుగాలి దానిని ఒక్కరాత్రిలో చిందరవందర చేసినది. హోటళ్ల అద్దములు మరల బిగించుటకంటె, ఆ హోటళ్లలో వండి, ఉదికి, ఊడ్చి బ్రతుకు స్త్రీలకు మరల పని దొరకుటయే అచ్చట పెద్ద సమస్య యైనది. వచ్చి చూడుడని ఆ యూరివారు లోకమును పిలుచుచున్నారు. మన కాళహస్తి కట్టివిధమైన ప్రకటనలు లేవు. జనము రాకయు పోలేదు. వచ్చినవారు నిలువకపోవుటయే ఇచ్చటి చిక్కు.

రెండవ పునరుజ్జీవనము ఇంతకంటె నెమ్మదిగ, చప్పుడు లేకుండ జరిగినది. అదియే కలంకారీ. ఒకప్పుడు కాళహస్తి జమీందారుల యాదరణమున, గుళ్లలో స్వామివెనుక కట్టు తెరలకును, రథముల యలంకారములకును ఇచ్చటి చిత్రకారులు రామాయణభారత కథలను గుడ్డపై వ్రాసెడివారు. నడుమ పెద్దబొమ్మ, చుట్టును అరలలో కథ, అరలక్రింద తెలుగులిపిలో ఆ ఘట్టమును చెప్పు వాక్యములు. 19వ శతాబ్దమున ఇచ్చట వ్రాయబడిన రామాయణవస్త్ర మొకటి లండనునగరమున విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. తరువాత మిల్లుగుడ్డలు వచ్చినవి, జమీందారీలు పోయినవి, తెరలు వ్రాయించువారు లేరైరి. స్వాతంత్ర్యము వచ్చునాటికి ఈ విద్య తెలిసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మిగిలిరి. అట్టి సమయమున శ్రీమతి కమలాదేవి చటోపాధ్యాయగారి నాయకత్వమున అఖిలభారత హస్తకళల మండలి 1950వ దశాబ్దపు చివర ఇచ్చట శిక్షణకేంద్రము నెలకొల్పి, మిగిలిన ముదుసలి చేతులనుండి విద్యను చిన్నచేతులకు దింపించెను. ఆ తరమువారిలో శ్రీ జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించినది. ఆయన తండ్రి లక్ష్మయ్యగారును ఈ విద్యలో ఆరితేరినవారే. పూర్వము పురుషులకే పరిమితమైన ఈ కలమును నేడు కాళహస్తిలో అనేకమంది స్త్రీలు పట్టుచున్నారు. ఇది మాకు మిక్కిలి సంతోషము కలిగించిన సంగతి.

మేము పోయిన ఇంట అత్తాకోడండ్రిద్దరును పనిలో నుండిరి. వాకిట పంచలో నేలపై గోనెపట్ట పరచి, దానిపై గుడ్డ పరచుకొని, కోడలు గీతలు గీయుచుండెను. అత్తగారు రంగు చూచుచుండిరి. పని ఎట్లు జరుగునో వారు చెప్పిన క్రమముననే చెప్పెదము. కోరాగుడ్డను బాగుగ ఉదికి, కరక్కాయపొడియు గేదెపాలును కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండింతురు. పాలలోని జిడ్డువలన రంగు గుడ్డపై చెదరదు. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో ముందుగ బొమ్మ గీసికొందురు. పిమ్మట కలము. ఈ కలము వెదురుపుల్ల. మొన చెక్కి, దాని వెనుక ఉన్నిగుడ్డ చుట్టి, నూలుదారముతో బిగించి కట్టుదురు. ఉన్ని రంగును పీల్చుకొనును. వ్రేళ్లతో నొక్కినకొలది మొననుండి దిగును. నొక్కుడులోనే నేర్పంతయు నున్నది. మేమొక ఆకును గీయబోయి పెద్ద మచ్చ చేసితిమి. ఆ పిల్ల నవ్వు ఆపుకొని, ఆ మచ్చనే కోకిలగా మార్చివేసినది!

నలుపురంగు తయారగు విధము మన వంటయింటి ఆడువారికి సులభముగ బోధపడును. ఇనుపమూకుడులో ఉసిరికాయ ముక్కలు వేసిన నల్లబడుట మనమెరుగుదుము గదా. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీళ్లలో కొన్ని వారములు ఊరవేసి ఆ నీటిని వడకట్టుదురు. ఆ నీరు చూచుటకు నల్లగ నుండదు. కరక్కాయ పట్టిన గుడ్డపై తగిలిన మాత్రముననే నల్లని గీత యగును. ఎరుపు కావలసినచోట పటికనీరు పూసి, ఎండిన పిమ్మట పారునీట జాడించి, పెద్దకాగులో చిరివేరు, మంజిష్ఠ మొదలగువానితో ఉడికింతురు. పటిక తగిలినచోటనే ఎరుపు పట్టును. మరల ఉదుకుట, ఎండించుట, మరల పాలు. పసుపునకు కరక్కాయపువ్వు, దానిమ్మబెరడు; నీలమునకు నీలిమందు; పసుపుమీద నీలము పడిన పచ్చ. ఒక్కొక్క రంగునకును ఒక్కొక్క ఉదుకు. స్వర్ణముఖిలో నీరున్న నెలలలో ఏటియిసుకమీద ఈ గుడ్డలు ఎండవేసియుండగా చూచుట కనులపండువు. ఏటిలో నీరు లేని నెలలే హెచ్చు. అప్పుడు బావినీరే శరణ్యము. నిలువనీట రంగు ఒకదానిమీది కొకటి అంటుకొను భయ మున్నది. ఒక్క చీర తయారగుటకు వారములకు వారములు పట్టునని విని మేము ఆశ్చర్యపడలేదు. ఇంకను త్వరగా ఎట్లు ముగింతురో యనియే అనుకొంటిమి.

ఇచ్చట మా స్వంత మోసపుకథ యొకటి చెప్పవలసియున్నది. మూడేండ్లక్రిందట మా యింటి పెండ్లికి ఒక దుకాణమున కాళహస్తి కలంకారీ యని చెప్పగా నమ్మి, వేలరూపాయలు పోసి పట్టుచీర కొంటిమి. దానినే కట్టుకొని ఈ యింటికి పోతిమి. అత్తగారు మా కొంగును చేతితో పట్టుకొని చూచి, చాలసేపు మాటాడక, “ఈ రెండు నెమళ్లను చూడండమ్మా, ఒకదాని పింఛములో ఏ చుక్క యెచ్చట నున్నదో రెండవదానిలోను అచ్చటనే యున్నది. మా చేతికి అంత చక్కగా రెండుమార్లు గీయుట రాదు” అనిరి. అది తెర అచ్చు, యంత్రపు పని. ఆమె చెప్పిన గుర్తులను పాఠకురాండ్రకు అందించుచున్నాము: చేతిగీత ఒకచోట సన్నముగ, ఒకచోట లావుగ నుండును, ఒకే బొమ్మ రెండుచోట్ల వచ్చిన కొద్దిపాటి భేదము తప్పదు, క్రొత్తగుడ్డకు పాలవాసనయు కరక్కాయవాసనయు నుండును. మచిలీపట్టణపు ప్రాంతమున పెడనలో చెక్కయచ్చులతో వేయు కలంకారీ వేరు. అదియు నిజమైన చేతిపనియే. దానికిని తగిన గౌరవమున్నది. యంత్రముపై అచ్చువేసిన దానిని కలముతో వ్రాసినదని అమ్ముటయే అన్యాయము. కాళహస్తి కలంకారీ పేరునకు చట్టపు రక్షణగా భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను కొనువారి కంటికి తెలియనిది కాగితము ఎంతవరకు కాపాడగలదు? ఈ విద్యతో నాలుగువేళ్లు నోట బెట్టుకొనువారికి అచ్చుగుడ్డ వెలతో పోటీపడు శక్తి లేదు. బేరమాడునప్పుడు కూరగాయలబండి యొద్ద ఆడినట్లు ఆడవద్దని మా మనవి.

ఇక త్రోవలోని విశేషములు. తిరుపతినుండి వచ్చునప్పుడు ఏర్పేడు ప్రాంతమున కొంత ప్రక్కకు తిరిగిన గుడిమల్లము కలదు. అచ్చటి పరశురామేశ్వరలింగము సుమారు ఐదడుగుల యెత్తు. లింగముమీదనే వేటకాని రూపున శివుడు ఒక చేత పొట్టేలును, ఒక చేత చిన్నపాత్రను పట్టుకొని, భుజమున గొడ్డలితో, మరుగుజ్జు యక్షునిపై నిలిచియున్నాడు. క్రీస్తునకు పూర్వము రెండవ లేక మొదటి శతాబ్దమునాటి శిల్పమని పండితులు పలువురు తలంతురు. గర్భగుడి వెనుకభాగము ఏనుగు వీపువలె గుండ్రముగ నుండును. మేము పోయినప్పుడు పొలముల నడుమ ఆ గుడిలో మేమును అర్చకుడును తప్ప మరెవ్వరును లేరు. గంటసేపు కూర్చుంటిమి. ఆ సమీపముననే పాపానాయుడుపేట. గాజును కరగించి గొట్టముగ సాగదీసి, తునియలు చేసి పూసలగుచ్చు ప్రాచీనవిధానమునకు ఆ యూరు పేరుపడినది. మెడలోని నల్లపూసల పుట్టుక నెరుగగోరు వారికి అది తెలిసికొనదగిన ఊరు. కొయ్యబొమ్మలు చెక్కు మాధవమాలయు ఏర్పేడు మండలములోనిదే. పిల్లలతో పోవువారు దానిని విడువరాదు.

వీనినన్నిటిని ముందే చూచుకొని, రాత్రి కాళహస్తిలో బసచేసి, వేకువనే గుడికి పోవలెను. తొందర లేని కంటికి ఆ గుడి వేరుగ కనబడును. పంచభూతలింగములలో ఇది వాయులింగము. గర్భాలయమున గాలి చొరని చోటనే దీపములలో కొన్ని కదలుచుండునని భక్తులు చెప్పుదురు. దానిని నిదానముగ చూచుట కైన నాలుగు నిమిషములు కావలెను గదా. శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. నోరులేని ఈ మూటి పేరను వెలసిన దేవుడు. కన్ను పెరికి యిచ్చిన కన్నప్ప కొండమీద నున్నాడు. ఆ కొండ యెక్కి చూచిన గుడిప్రాకారములు, ఏరు, క్రొత్తగోపురము ఒక్కచూపున కనబడును. సన్నని మెట్లమీదుగ భూమిలోనికి దిగి చూడవలసిన పాతాళవినాయకుడు కలడు. మోకాళ్లనొప్పులున్నవారు పైననే దండము పెట్టుట మేలు. ధూర్జటి మహాకవి యీ స్వామిని గూర్చియే పాడెను. రాయల తరువాత అచ్యుతదేవరాయల పట్టాభిషేకము 1529లో ఈ క్షేత్రమున జరిగెనని చరిత్రకారులు చెప్పుచున్నారు. జ్ఞానప్రసూనాంబ సన్నిధిలో, రాహుకేతుపూజకు వచ్చిన క్రొత్తదంపతులు, పెండ్లికాని పిల్లల తల్లులు, ఏ కోరికయు చెప్పక ఊరక నిలిచియుండు ముసలమ్మలు వరుసగ వచ్చుచుండిరి.

ప్రయాణమునకు కార్తీకమునుండి మాఘమువరకు మంచికాలము. వేసవిలో అచ్చటి ఎండ మన రాయలసీమవారికే దుస్సహము; పరదేశపు చుట్టములను అప్పుడు తీసికొనిపోవద్దు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవములు కన్నులారా చూడదగినవే గాని, చంటిబిడ్డలతో ఆ జనములో దూరుట కష్టము. కనుమనాడు జరుగు గిరిప్రదక్షిణమున కొండలచుట్టు నడచుటకు ఓపికయున్నవారు పోవచ్చును. రైలులో వచ్చువారికి రేణిగుంట గూడూరు మార్గమున ఊరిపేరనే స్టేషను కలదు. విమానమైన రేణిగుంటలో దిగవలెను.

కొనివచ్చిన గుడ్డను గూర్చి ఒక్కమాట. ఆ యింటి అత్తగారు మాకు కాగితమున వ్రాసి యిచ్చినది ఇది. మొదటి రెండు ఉదుకులకు సబ్బు తగిలింపరాదు. చన్నీట జాడించి, పిండక, నీడను ఆరవేయవలెను. పాలవాసన రెండుమూడు ఉదుకులకు పోవును. మా గుడ్డకు ఇంకను పోలేదు; బీరువా తెరచినప్పుడెల్ల వచ్చుచున్నది.